వాహనం చుట్టూ ఉన్నవాటిని కెమెరాలతో గుర్తించి, దూరాన్ని సరిగా తేల్చడం ఎలా?

స్వయంచాలిత వాహనాల మీద ప్రాజెక్టులు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులు మాటలు మార్చి మార్చి అడిగే ప్రశ్న ఒకటుంది. చిత్రంలోని వస్తువులను గుర్తించే ప్రోగ్రాము, అంటే మోడల్, మనుషులనూ కార్లనూ చక్కగా పట్టుకుంటోంది, వాటి చుట్టూ బాక్సులు సరిగ్గానే పడుతున్నాయి, కానీ అవి ఎంత దూరంలో ఉన్నాయో లెక్కవేస్తే పొంతన లేని అంకెలు వస్తున్నాయి, ఇంకా పెద్ద మోడల్ వాడమంటారా అని. చాలా సందర్భాల్లో లోపం మోడల్‌లో ఉండదు. కెమెరాను బిగించిన తీరులోనో, క్యాలిబ్రేషన్‌లోనో (లెన్సు, కెమెరా కొలతలను తేల్చుకోవడంలోనో), బాక్సు అడుగు అంచు నిజంగా నేలను తాకుతోందా అన్న విషయాన్ని పట్టించుకోకపోవడంలోనో ఉంటుంది. తెర మీద బాక్సు పడినంత మాత్రాన వాహనానికి ఏమీ తెలిసినట్టు కాదు, ఎదుట ఉన్నది ఎన్ని మీటర్ల దూరంలో, ఏ పక్కన ఉందో తెలిసినప్పుడే దానికి ఉపయోగం. ఆ మీటర్లు సరైనవో కావో నేల మీద టేపు పరచి చూస్తే తప్ప తేలదు కాబట్టి, ఈ వ్యాసంలో మోడల్ గురించి తక్కువగానూ కొలతల గురించి ఎక్కువగానూ చెబుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పే పద్ధతి చూడడానికీ, రికార్డు చేయడానికీ, డ్రైవరును హెచ్చరించడానికీ సరిపోతుంది. దీనిని బ్రేకుకు గానీ స్టీరింగుకు గానీ కలపకండి. పరీక్షలన్నీ కళాశాల ప్రాంగణంలోనో, అనుమతి తీసుకుని మూసివేసిన దారిలోనో, లైసెన్సు ఉన్న డ్రైవరు సీటులో ఉండగానే చేయండి. ల్యాప్‌టాప్ చూసే పని మరొకరికి అప్పగించండి, డ్రైవరు కళ్లు దారి మీదే ఉండాలి.

కావలసినవి

- ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) రెండింటినీ చేత్తో స్థిరపరచడానికి వీలున్న కెమెరా. చిత్రం మొత్తాన్ని ఒకేసారి తీసే గ్లోబల్ షట్టర్ ఉన్నదైతే మేలు, వరుస వెంట వరుసగా తీసే రోలింగ్ షట్టర్ ఉన్నదానితో కూడా పని మొదలుపెట్టవచ్చు.
- జీపీయూ ఉన్న ల్యాప్‌టాప్ లేదా ఎన్‌విడియా జెట్సన్ వంటి చిన్న బోర్డు, అందులో పైథాన్, చిత్రాలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీ.
- ఏ2 సైజులో ముద్రించిన చదరంగపు గళ్ల నమూనా, దానిని అంటించడానికి మందపాటి అద్దం లేదా అల్యూమినియం పలక.
- 30 మీటర్ల టేపు, స్టీలు స్కేలు, రసమట్టం, సుద్దముక్కలు, అరడజను ట్రాఫిక్ కోన్లు.
- కనీసం 50 మీటర్ల మేర ఎత్తుపల్లాలు లేని తిన్నని నేల. ఇది దొరకడమే అన్నిటికంటే కష్టం. దారి వాలుగా ఉంటే దూరాల లెక్క మొదటికే తప్పుతుంది కాబట్టి, కాస్త దూరమైనా మంచి చోటు వెతుక్కోండి.

1. ముందు దూరం లెక్క, ఆ తరువాతే లెన్సు

ఎంత దూరంలో ఉన్న మనిషి కనబడాలో తేల్చుకోకుండా కెమెరా కొనకండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 11 మీటర్లు ముందుకు పోతుంది. గుర్తించి నిర్ణయం తీసుకోవడానికి అర సెకను పడుతుందనీ, బ్రేకు వేసిన ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గుతుందనీ అనుకుంటే, అది ఆగేసరికి మొత్తం 21 మీటర్లు పోతుంది. వేగం 60కి పెరిగితే అదే లెక్క 43 మీటర్లకు చేరుతుంది. దీనికి కొంత వెసులుబాటు కలుపుకుంటే, మొదటి వేగానికి 30 మీటర్ల దూరంలోనూ రెండవ దానికి 60 మీటర్ల దూరంలోనూ మనిషి ఖాయంగా కనబడాలి.

ఇప్పుడు ఆ మనిషి చిత్రంలో ఎన్ని పిక్సెళ్ల ఎత్తు ఉంటాడో చూడండి. 1920 పిక్సెళ్ల వెడల్పు ఉన్న చిత్రంలో, 90 డిగ్రీల వెడల్పు చూపే లెన్సుకు ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత పెద్దదిగా చూపిస్తుందో చెప్పే కొలత) 960 పిక్సెళ్లు అవుతుంది. 60 డిగ్రీల లెన్సుకు అది సుమారు 1663. ఫోకల్ లెంగ్త్‌ను మనిషి ఎత్తుతో గుణించి దూరంతో భాగిస్తే పిక్సెళ్లు వస్తాయి. 1.7 మీటర్ల మనిషి 40 మీటర్ల దూరంలో ఉంటే మొదటి లెన్సులో 41 పిక్సెళ్లు, రెండవ దానిలో 71 పిక్సెళ్లు ఉంటాడు. చాలామంది మరిచిపోయే విషయం ఏమిటంటే, మోడల్‌కు పంపే ముందు చిత్రాన్ని 640 పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తే ఆ 41 కాస్తా 14కు పడిపోతుంది. అంత చిన్న ఆకారాన్ని ఏ మోడల్ అయినా నమ్మకంగా పట్టుకోలేదు. అందుచేత ముందు కెమెరాకు 60 డిగ్రీలకు దగ్గరగా ఉన్న లెన్సు తీసుకోండి, లేదా చిత్రాన్ని కుదించకుండా నడిమి భాగాన్ని కత్తిరించి విడిగా మోడల్‌కు ఇవ్వండి.

చుట్టూ చూడాలంటే ఎన్ని కెమెరాలు కావాలన్నది తరువాతి ప్రశ్న. బోస్టన్, సింగపూర్ వీధుల్లో సేకరించిన న్యూసీన్స్ డేటాసెట్ వాహనానికి ఆరు కెమెరాలు ఉన్నాయి, వాటిలో అయిదు 70 డిగ్రీలవి, వెనుకది 110 డిగ్రీలది. పక్కపక్క కెమెరాల చూపు కొంత కలిసేలా అమర్చుకోవాలనే సూత్రాన్ని అక్కడి నుంచి తీసుకోండి, కానీ మొదటి రోజే ఆరింటినీ బిగించకండి. ముందు కెమెరా ఒక్కదానితో ఈ మెట్లన్నీ పూర్తిచేసి, కొలతలు నిలకడగా వచ్చాకే రెండవ దానికి వెళ్లండి.

2. బిగించడం

కెమెరాను ముందు అద్దం వెనుక, అద్దాల మీది వైపర్లు తుడిచే భాగంలో, వాహనం నడిమి గీతకు దగ్గరగా పెట్టండి. పీల్చిపట్టే రబ్బరు స్టాండ్లు ఎండకు మెత్తబడి, మీకు తెలియకుండానే అర డిగ్రీ, ఒక డిగ్రీ వంగిపోతాయి. లోహపు పట్టీకి స్క్రూలతో బిగించి, స్క్రూ తల మీదుగా పట్టీ మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. ఆ గీత విరిగి కనబడిన రోజున క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలని అర్థం.

ముందు అద్దం కూడా కాంతిని కొంత వంచుతుంది. అందువల్ల కెమెరాను బల్ల మీద క్యాలిబ్రేట్ చేసి తెచ్చి అద్దం వెనుక పెట్టడం కన్నా, బిగించిన తరువాత అద్దం గుండానే క్యాలిబ్రేట్ చేయడం మంచిది. బయట బిగించే పక్క కెమెరాలకు ఆ చిక్కు లేదు గానీ వానకూ దుమ్ముకూ తట్టుకునే పెట్టె కావాలి, రోజూ తుడవాలి కూడా.

కేబుళ్ల విషయంలో ఒక్క మాట. 1920 బై 1080 రంగుల చిత్రాలు సెకనుకు 30 చొప్పున, కుదింపు లేకుండా వస్తే సెకనుకు 187 మెగాబైట్ల డేటా అవుతుంది. నాలుగు యూఎస్‌బీ కెమెరాలను ఒకే హబ్‌కు తగిలిస్తే ఫ్రేములు రాలిపోవడం ఖాయం. రెండు కెమెరాలకు ఒక కంట్రోలర్ చొప్పున చూసుకోండి. ల్యాప్‌టాప్ పక్కన మూడు పోర్టులు కనబడినా లోపల కంట్రోలర్ ఒకటే ఉండవచ్చు. పెద్ద వాహనాల్లో పొడవైన కేబుళ్లు కావలసి వచ్చినప్పుడు జీఎంఎస్ఎల్ అనే, చిత్రాలను దూరానికి పంపగల లింకు ఉన్న కెమెరాలు వాడతారు, అవి ఖరీదైనవి, వాటికి ప్రత్యేకమైన బోర్డు కూడా అవసరం.

3. కెమెరా తనంతట తాను మార్చుకునేవాటిని ఆపివేయడం

ఆటోఫోకస్ ఆపండి. లెన్సు ముందుకూ వెనుకకూ కదిలినప్పుడల్లా ఫోకల్ లెంగ్త్ కొద్దిగా మారుతుంది, దానితో మీరు చేసిన క్యాలిబ్రేషన్ చెల్లకుండా పోతుంది. అదురు తగ్గించే స్టెబిలైజేషన్ సౌకర్యాన్ని కూడా ఆపండి. అది చిత్రాన్ని పక్కకు జరిపి కత్తిరిస్తుంది కాబట్టి ఒక ఫ్రేములో ఉన్న దిగంతరేఖ మరో ఫ్రేములో అక్కడ ఉండదు. మొబైల్ ఫోనుతో పని మొదలుపెట్టేవారికి దూరాలు ఊగిసలాడడానికి ఎక్కువగా ఈ రెండే కారణాలు. మెనూలో ఆపిన తరువాత కూడా ఆగిందో లేదో చూడండి: కెమెరాను కదలకుండా ఉంచి, దగ్గరగా చేయి అడ్డం పెట్టి తీయండి. వెనుక ఉన్న గోడ అంచు చిత్రంలో ఒక్క పిక్సెల్ జరిగినా ఏదో ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఎక్స్‌పోజర్‌కు గరిష్ఠ పరిమితి పెట్టండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 10 మిల్లీసెకన్లకు వాహనం 17 సెంటీమీటర్లు కదులుతుంది, పక్క కెమెరాలో ఇది స్పష్టమైన మసక. అయితే రాత్రిపూట వీధి దీపాల కింద ఇంకో ఇబ్బంది ఉంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చాలా దీపాల వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లు ఉంటే ఆ హెచ్చుతగ్గులు సరాసరి అయిపోతాయి, అంతకంటే తక్కువైతే ఒక ఫ్రేము వెలుగుగా, మరొకటి చీకటిగా వస్తుంది. పగటికి ఒక అమరిక, రాత్రికి మరొకటి పెట్టుకోవడమే తేలిక. ఎల్ఈడీ సిగ్నల్ దీపం ఒక్క ఫ్రేములో ఆరినట్టు కనబడితే వెంటనే ఆరిందని తేల్చకండి, వరుసగా కొన్ని ఫ్రేములు చూసి చెప్పండి.

4. లెన్సు క్యాలిబ్రేషన్

ఝెంగ్యూ ఝాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతే ఈనాటికీ ఓపెన్‌సీవీ క్యాలిబ్రేషన్‌కు ఆధారం. చదునైన గళ్ల నమూనాను వేర్వేరు కోణాల్లో చూపిస్తే లెన్సు వివరాలు బయటపడతాయి. సిద్ధాంతం అంతకు మించి ఇక్కడ అవసరం లేదు, చేయవలసిన పని మాత్రం ఓపికగా చేయాలి.

నమూనాను ముద్రించేటప్పుడు కాగితానికి సరిపడా కుదించే ఐచ్ఛికాన్ని తీసివేయండి. ముద్రించాక పది గళ్ల మొత్తం పొడవును స్టీలు స్కేలుతో కొలిచి పదితో భాగించి, వచ్చిన కొలతనే ప్రోగ్రాములో ఇవ్వండి. అట్ట మీద అంటించకండి, తేమకు అట్ట వంగుతుంది. పదకొండు బై ఎనిమిది గళ్ల నమూనాకు ప్రోగ్రాములో ఇవ్వవలసినది పది బై ఏడు. ఎందుకంటే ఓపెన్‌సీవీ లెక్కపెట్టేది గళ్లను కాదు, లోపలి మూలలను. "నమూనా దొరకడం లేదు" అని వచ్చే ఫిర్యాదులకు తరచుగా కారణం ఈ ఒక్క అంకే.

ముప్పై నలభై చిత్రాలు తీయండి. వాటిలో సగమైనా చిత్రపు నాలుగు మూలల్లోనూ అంచుల్లోనూ నమూనా ఉన్నవి కావాలి, చాలావాటిలో నమూనా 30 నుంచి 45 డిగ్రీల దాకా వాలి ఉండాలి. అన్నింటినీ నడిమిలో, ఎదురుగా పట్టుకుని తీస్తే రీప్రొజెక్షన్ లోపం (లెక్క ప్రకారం మూలలు పడవలసిన చోటుకూ, చిత్రంలో కనబడిన చోటుకూ ఉన్న తేడా) చాలా తక్కువగానే కనబడుతుంది, కానీ అంచుల్లో లెన్సు ఎంత వంచుతోందో ప్రోగ్రాముకు తెలియనే తెలియదు. అర పిక్సెల్ కన్నా తక్కువ లోపం రావాలన్నది సరైన లక్ష్యమే, అయితే అది ఒక్కటే ఆధారం కాకూడదు.

సరిచూసుకునే మార్గం ఇది. ఏదైనా భవనం నిలువు అంచు చిత్రంలో ఒక పక్క చివరకు వచ్చేలా ఫోటో తీసి, లెన్సు వంపును సరిచేసిన చిత్రం మీద స్కేలు పెట్టినట్టు ఒక గీత గీయండి. అంచు ఆ గీత నుంచి మధ్యలో ఉబ్బితే మూలల్లో ఇంకా చిత్రాలు తీయాలి. 120 డిగ్రీలు దాటిన ఫిష్‌ఐ లెన్సులకు మామూలు లెన్సు లెక్క కుదరదు, ఓపెన్‌సీవీలోని ఫిష్‌ఐ విభాగాన్ని వాడండి. నమూనా అంతా ఫ్రేములో పట్టని చోట చారుకో బోర్డు (గళ్లలో విడివిడి గుర్తులు ముద్రించినది) మెరుగు, అందులో కొంత భాగం కనబడినా మూలలను గుర్తించవచ్చు.

5. వాహనం మీద కెమెరా ఎక్కడ, ఎటు చూస్తోంది?

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. టైర్లలో గాలి సరిచూసి, రోజూ ఎంతమంది ఎక్కుతారో అంతమందిని కూర్చోబెట్టి, లెన్సు నడిమి నుంచి నేల దాకా ఎత్తును కొలవండి. వెనుక సీట్లో ముగ్గురు కూర్చుంటే ముందు భాగం పైకి లేస్తుంది, దానితో కెమెరా చూపు కూడా లేస్తుంది.

వాలు ఎంత ముఖ్యమో లెక్కతో చూపిస్తాను. ఫోకల్ లెంగ్త్ 1000 పిక్సెళ్లు, ఎత్తు 1.4 మీటర్లు అనుకుందాం. చదునైన నేల మీద ఒక బిందువు దిగంతరేఖకు ఎన్ని పిక్సెళ్ల కింద కనబడుతుందో తెలియాలంటే ఈ రెండింటినీ గుణించి, అంటే 1400ను, దూరంతో భాగించాలి. 10 మీటర్ల దగ్గర 140 పిక్సెళ్లు, 20 దగ్గర 70, 50 దగ్గర 28. కెమెరా ఒక్క డిగ్రీ వంగితే చిత్రం 17.5 పిక్సెళ్లు జరుగుతుంది. అప్పుడు 20 మీటర్లలో ఉన్నది ఒక వైపు వంపుకు 16 మీటర్లుగానూ, మరో వైపు వంపుకు సుమారు 27 మీటర్లుగానూ తేలుతుంది. 50 మీటర్లలో ఉన్నదైతే 31గానో 133గానో కనబడుతుంది. పెద్ద మోడల్ తెచ్చినా ఈ లోపం ఒక్క మీటరు కూడా తగ్గదు.

దిగంతరేఖ వరుసను కనుక్కోవడానికి కెమెరాకు సరిగ్గా కింద నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి 10 మీటర్ల దగ్గర ఒక కోను, 30 మీటర్ల దగ్గర మరొకటి ఉంచండి. కెమెరా కిందిచోటు ఏదో తెలియడానికి దారానికి బరువు కట్టి వేలాడదీస్తే చాలు. వంపు సరిచేసిన చిత్రంలో రెండు కోన్ల అడుగులు ఏ వరుసల్లో ఉన్నాయో చూడండి. పై ఉదాహరణ ప్రకారం వాటి మధ్య తేడా 93 పిక్సెళ్లు రావాలి. అది రాకపోతే ఎత్తో, ఫోకల్ లెంగ్తో తప్పు. అది సరిపోతే, దగ్గరి కోను వరుస నుంచి 140 తీసివేసిన చోట దిగంతరేఖ ఉంటుంది. ఈ చిన్న పరీక్షకు అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి వాహనం బయటకు తీసిన ప్రతిసారీ చేయండి.

ఒకటికి మించి కెమెరాలు ఉన్నప్పుడు అన్నింటినీ వాహనపు అక్షాల్లోకి మార్చాలి, ఇక్కడ రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ జరుగుతాయి. మొదటిది, కెమెరా లెక్కల్లో జెడ్ ముందుకు, ఎక్స్ కుడికి, వై కిందికి ఉంటే, ఆర్ఓఎస్ (రోబోల కోసం వాడే సాఫ్ట్‌వేర్) పాటించే వాహనపు లెక్కలో ఎక్స్ ముందుకు, వై ఎడమకు, జెడ్ పైకి ఉంటుంది. రెండవది, కెమెరా స్థానాన్ని లెక్కకట్టే ఓపెన్‌సీవీలోని సాల్వ్ పీఎన్‌పీ ఫంక్షన్ ఇచ్చేది నేల అక్షాల నుంచి కెమెరా అక్షాల్లోకి మార్చే సంబంధం. కెమెరా ఎక్కడ ఉందో కావాలంటే దానిని విలోమం చేయాలి. ఫలితం కెమెరా నేల కింద ఉన్నట్టు చూపిస్తే ఈ రెండింటిలో ఒకటి జరిగిందనుకోండి.

6. సమయం

ప్రతి ఫ్రేముకూ అది తీసిన క్షణాన్ని రాయండి, ప్రాసెసింగ్ పూర్తయిన క్షణాన్ని కాదు. మొత్తం ఆలస్యం 100 మిల్లీసెకన్లు ఉంటే, 60 కిలోమీటర్ల వేగంలో మీ ఫలితం తెర మీదికి వచ్చేసరికి వాహనం 1.7 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆలస్యాన్ని కొలవడానికి, మిల్లీసెకన్లు చూపే గడియారాన్ని ఒక తెర మీద నడిపి దానికి కెమెరా గురిపెట్టండి. ఆ గడియారాన్నీ, మీ ప్రోగ్రాము చూపే చిత్రాన్నీ కలిపి ఫోనుతో ఒక ఫోటో తీయండి. రెండు అంకెల తేడాయే ఆలస్యం, అందులో తెరల ఆలస్యం కూడా కలిసి ఉంటుంది.

7. మోడల్, డేటా

కోకో అనే చిత్రాల డేటాసెట్ మీద శిక్షణ పొందిన, వస్తువులను గుర్తించే యోలో మోడల్ ఏదైనా తీసుకుని పని మొదలుపెట్టండి. దాని 80 తరగతుల్లో మనిషి, సైకిలు, మోటార్‌సైకిలు, బస్సు, లారీ, ఆవు, కుక్క ఉన్నాయి. ఆటో లేదు. అది ఆటోను ఒకసారి కారుగా, ఒకసారి లారీగా చూపిస్తే ఆశ్చర్యపోకండి. ఇందుకోసమే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌ను తయారుచేశాయి. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోనూ వాటి శివార్లలోనూ తీసిన చిత్రాలతో, ఆటోకు విడిగా ఒక తరగతితో వచ్చిన ఆ డేటా మీద మోడల్‌కు మరికొంత శిక్షణ ఇవ్వండి. ఆ తరువాత మీ సొంత కెమెరాతో, మీరు తిరిగే దారిలో తీసిన కొన్ని వందల చిత్రాలకు గుర్తులు పెట్టి కలపండి.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఒకే వీడియోలోని ఫ్రేములను కలగాపులగం చేసి కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు పంచితే, పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి పరీక్ష ఫలితం అద్భుతంగా వస్తుంది, దారి మీదకు వెళ్లగానే కుప్పకూలుతుంది. పరీక్షకు వేరే రోజున, వీలైతే వేరే దారిలో తీసిన వీడియోను పక్కన పెట్టండి. మనుషుల ముఖాలూ నంబరు ప్లేట్లూ ఉన్న చిత్రాలను ఇతరులకు ఇచ్చే ముందు వాటిని మసకచేయండి.

8. బాక్సు నుంచి దూరం

బాక్సు అడుగు అంచు నడిమి బిందువును తీసుకుని, అది దిగంతరేఖకు ఎన్ని పిక్సెళ్ల కింద ఉందో చూసి, అయిదవ మెట్టులోని 1400 వంటి అంకెను ఆ పిక్సెళ్లతో భాగించడమే పద్ధతి. బాక్సు అడుగు నేలను తాకుతోందన్నది దీనికి ఆధారం, మన దారుల మీద అది తప్పే సందర్భాలు చాలానే ఉన్నాయి.

ద్విచక్ర వాహనాన్నే తీసుకోండి. ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో బండికి ఒక బాక్సు, దాని మీద కూర్చున్న మనిషికి మరో బాక్సు ఉంటాయి. కూర్చున్న మనిషి పాదం నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, 1.4 మీటర్ల ఎత్తున్న కెమెరాకు 10 మీటర్లలో ఉన్న ఆ మనిషి దాదాపు 12.7 మీటర్లలో ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఎప్పుడూ బండి బాక్సు అడుగునే వాడి, ఆ దూరాన్నే మనిషికీ ఇవ్వండి.

ఇనుప చువ్వలు వేసుకుని పోయే ట్రాలీ ఆటో దీనికి తిరగబడిన ఉదాహరణ. బాక్సు అడుగు దాని వెనుక చక్రాల దగ్గర ఉంటుంది, చువ్వల కొసలు మాత్రం అక్కడి నుంచి మీటరో రెండు మీటర్లో మీ వైపుకు చొచ్చుకు వచ్చి, గాలిలో వేలాడుతుంటాయి. చక్రాల దూరం సరిగ్గా వచ్చినా ప్రమాదం అంతకంటే దగ్గరగా ఉంటుంది. ట్రాలీలకూ ట్రాక్టర్లకూ వెనుక అదనపు ఖాళీ లెక్కలోకి తీసుకునేలా ఒక నియమం రాసుకోండి. దీనికి ఒక్క కెమెరాతో ఇంతకంటే నమ్మకమైన పరిష్కారం నాకు కనబడలేదు. లైడార్ (లేజరుతో దూరం కొలిచేది) గానీ స్టీరియో కెమెరా (రెండు కళ్ల మాదిరి జంట కెమెరా) గానీ పెట్టగలిగినవారికి ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ముందున్న కారు అడుగు భాగాన్ని మరో వాహనం కప్పివేసినప్పుడూ, బాక్సు చిత్రపు కింది అంచును తాకినప్పుడూ ఈ లెక్క చెల్లదు, ఆ బాక్సులకు "దూరం తెలియదు" అని గుర్తు పెట్టండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగే క్షణాల్లో ముందు భాగం లేచి పడుతుంది కాబట్టి అప్పటి దూరాలను కూడా పక్కన పెట్టాలి. ఐఎంయూ (కదలికనూ వాలునూ కొలిచే సెన్సరు) ఉంటే వాలు మారడాన్ని పట్టుకోవచ్చు, లేకపోతే కిందటి కొన్ని ఫ్రేముల విలువతో పోల్చి ఉన్నట్టుండి గెంతినవాటిని వదిలేయండి.

9. ఫ్రేము నుంచి ఫ్రేముకు వెంబడించడం

ఒక్కో వస్తువుకు ఒక నంబరు ఇచ్చి ఫ్రేము నుంచి ఫ్రేముకు వెంబడించే బైట్‌ట్రాక్ వంటి సిద్ధంగా ఉన్న ట్రాకర్ ఏదైనా చాలు. కానీ అది తరగతి పేరును ఎలా చూస్తుందో తప్పక పరిశీలించండి. 2018 మార్చి 18న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపె నగరంలో ఊబర్ పరీక్షా వాహనం, సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొనగా ఆమె మరణించారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన దాని ప్రకారం, ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే వాహనంలోని వ్యవస్థ ఆమెను పసిగట్టింది. అయితే ఒకసారి వాహనమనీ, ఒకసారి వేరే ఏదో అనీ, ఒకసారి సైకిలనీ తరగతి మారుస్తూ వచ్చింది, మారినప్పుడల్లా అంతకు ముందు ఆమె కదిలిన దారిని లెక్కలోంచి తీసివేసింది. ఆ వాహనానికి లైడార్, రాడార్ కూడా ఉన్నాయి. మీ ప్రోగ్రాములో తరగతి మారినా ట్రాక్ కొనసాగాలి. పరీక్షగా, ఒక మిత్రుణ్ణి సైకిలు ఎక్కి కొంత దూరం తొక్కి, దిగి నడిపించుకుంటూ రమ్మనండి. ట్రాక్ నంబరు మారితే అమరికలు సరిచేయండి.

10. ఫలితాన్ని సరిచూడడం

కోన్లను 5, 10, 15, 20, 30, 40 మీటర్ల దగ్గర ఉంచి, టేపు చెప్పిన దూరాన్నీ ప్రోగ్రాము చెప్పిన దూరాన్నీ పక్కపక్కన రాయండి. కోన్లను మోడల్ గుర్తించకపోతే వాటి స్థానంలో మనిషిని నిలబెట్టండి. పట్టికను చూసే పద్ధతి ఇది.

అన్ని దూరాల్లోనూ లోపం ఒకే శాతంలో ఉంటే, ఉదాహరణకు ప్రతిదీ పది శాతం ఎక్కువ వస్తే, ఎత్తు కొలతలో గానీ ఫోకల్ లెంగ్త్‌లో గానీ తప్పుంది. దూరం పెరిగే కొద్దీ శాతం కూడా పెరిగిపోతుంటే కెమెరా వాలు తప్పు, దిగంతరేఖను మళ్లీ కనుక్కోండి. అన్నిచోట్లా ఒకే తేడా, ఒకటిన్నర మీటర్ల వంటిది వస్తుంటే, టేపును బంపరు నుంచి కొలిచి ప్రోగ్రాములో కెమెరా నుంచి లెక్కవేస్తున్నారు. కోన్లను ఎడమకూ కుడికీ మూడు మీటర్లు జరిపి మళ్లీ చూడండి. ముందుకు దూరం సరిగ్గా ఉండి, పక్క దూరాలన్నీ ఒకే వైపుకు, దూరంతో పాటు పెరుగుతూ తప్పుతుంటే కెమెరా తిన్నగా కాక పక్కకు చూస్తోంది. చిత్రపు అంచుల్లో మాత్రమే తప్పుతుంటే నాలుగవ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

ఎంత లోపం సరే అనుకోవాలన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. పై ఉదాహరణ కెమెరాలో ఒక్క పిక్సెల్ తేడాకు 10 మీటర్ల దగ్గర 7 సెంటీమీటర్లు, 50 మీటర్ల దగ్గర 1.8 మీటర్లు మారుతుంది. బాక్సు అంచు రెండు మూడు పిక్సెళ్లు ఊగడం మామూలే కాబట్టి 50 మీటర్ల దగ్గర సెంటీమీటర్ల కచ్చితత్వం ఆశించడం అనవసరం, తెర మీద దశాంశాలు చూపించడం కూడా అనవసరం.

గుర్తింపును సరిచూసేటప్పుడు మొత్తానికి ఒకే సగటు అంకె రాసి వదిలేయకండి. మనుషులు, ద్విచక్ర వాహనాలు, ఆటోలు, పశువులు విడివిడిగా. 10 మీటర్ల లోపు, 10 నుంచి 20, 20 నుంచి 40 విడివిడిగా. పగలు, సాయంత్రపు ఎదురెండ, రాత్రి, వాన విడివిడిగా లెక్కించండి. దూరంగా ఆగి ఉన్న కార్లు వందల కొద్దీ సరిగ్గా దొరికితే సగటు బాగానే వస్తుంది, ఆ సగటు వెనుక సాయంత్రం వేళ నల్లని గేదె ఒక్కసారి కూడా దొరకలేదన్న నిజం దాగిపోతుంది. ఒక వస్తువు వరుసగా ఎన్ని ఫ్రేముల పాటు తప్పిపోయిందో కూడా రాయండి. 30 ఫ్రేముల్లో అక్కడక్కడ మూడు తప్పితే ట్రాకర్ సర్దుకుంటుంది, వరుసగా పదిహేను తప్పితే అర సెకను పాటు వాహనం గుడ్డిగా పోయినట్టే. అటువంటి చోట్ల ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా తెరిచి, ఎదుటి హెడ్‌లైటు వెలుగు కమ్మిందా, అద్దం మీద నీటి చుక్క ఉందా, ఆకారం చిన్నదైపోయిందా అని కళ్లతో చూడండి. వెలుగు కమ్మితే మూడవ మెట్టుకు, ఆకారం చిన్నదైతే మొదటి మెట్టుకు వెళ్లండి. ఇవేవీ కాకుండా, మనిషి కంటికి స్పష్టంగా కనబడుతున్నా మోడల్ వదిలేసినవి మిగిలితే, వాటికి గుర్తులు పెట్టి శిక్షణ డేటాలో చేర్చండి. ఆ తరువాతి పరీక్షకు మాత్రం మరో రోజు తీసిన కొత్త వీడియోనే వాడండి.